ఇద్దరు నడిపే రేసింగ్ డింగీ: డిజైన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు నుంచి తెరచాప పడవల గురించి అడిగేవాళ్లలో రెండు రకాలున్నారు. సొంతంగా ఒక పడవ గీసి, చేసి, నీళ్లలోకి దింపాలనుకునే ఇంజనీరింగ్ విద్యార్థులు ఒక రకం. పిల్లలను సెయిలింగ్‌లో చేర్పించి, ఈ పడవలు ఇలా ఎందుకుంటాయో తెలుసుకోవాలనుకునే అమ్మానాన్నలు రెండో రకం. ఇద్దరి ప్రశ్నలూ కలిపి ఇక్కడ పెట్టాం. లెక్కలున్న చోట పదో తరగతి ఫిజిక్స్ చాలు.

డింగీ అంటే ఏ పడవ?

ఇంజిన్ లేని, పైకప్పు లేని చిన్న తెరచాప పడవ. ఇద్దరు నడిపే రేసింగ్ డింగీలు ఎక్కువగా నాలుగు నుంచి ఐదు మీటర్ల పొడవుంటాయి. వెనక కూర్చునే హెల్మ్ చేతిలో చుక్కాని, పెద్ద తెరచాప (మెయిన్) తాడు ఉంటాయి. ముందుండే క్రూ చిన్న తెరచాప జిబ్‌ను, గాలి వెంట పోయేటప్పుడు ఎత్తే బెలూన్ లాంటి స్పిన్నేకర్‌ను చూసుకుంటారు.

పెద్ద యాట్‌లకు అడుగున సీసమో ఇనుమో బరువు కట్టి ఉంటుంది. డింగీకి అది ఉండదు. గాలి పడవను ఒక పక్కకు వంచితే, మనుషులు రెండో పక్కకు ఒరిగి నిలబెట్టాలి.

డిజైన్ ఎక్కడ మొదలుపెట్టాలి? పొడవుతోనా, తెరచాపతోనా?

ఇద్దరి బరువుతో. విద్యార్థులు తెచ్చే డ్రాయింగుల్లో ఎక్కువగా హల్, అంటే పడవ ఒళ్లు, అందంగా గీసి ఉంటుంది. తెరచాప అంచనాగా పెట్టి ఉంటారు. మనుషుల బొమ్మ అసలే ఉండదు. అక్కడే లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఈ పడవల్లో అన్నిటికంటే బరువైన భాగం మనుషులే. 470 అనే తరగతి పడవనే చూడండి. ఫ్రాన్స్‌కు చెందిన ఆండ్రే కోర్ను 1963లో గీశాడు. పొడవు 4.70 మీటర్లు, పేరు కూడా అదే. వెడల్పు 1.69 మీటర్లు, హల్ కనీస బరువు 120 కిలోలు, మెయిన్, జిబ్ కలిపి తెరచాప 12.7 చదరపు మీటర్లు. దాన్ని నడిపే జంట మొత్తం బరువు సాధారణంగా 110 నుంచి 145 కిలోలు.

ఇప్పుడు లెక్క చూద్దాం. హెల్మ్ 60 కిలోలు, క్రూ 70 కిలోలు అనుకోండి. హెల్మ్ పడవ అంచు మీద కూర్చుని, పాదాలు పట్టీ కింద దోపి, వెనక్కి ఒరుగుతాడు. అతని బరువు నడిగీత నుంచి దాదాపు ఒక మీటరు దూరంలో పనిచేస్తుంది: 60 × 1 = 60 (కిలోలను మీటర్లతో గుణించిన అంకె). క్రూ నడుముకు హార్నెస్ కట్టుకుని, మాస్ట్, అంటే తెరచాపను మోసే నిలువు స్తంభం, పైనుంచి వచ్చే తీగకు కొక్కెం తగిలించి, అంచు మీద పాదాలు ఆనించి ఒళ్లంతా బయట పెట్టి నిలబడతాడు. ఇదే ట్రపీజ్. అతని బరువు నడిగీతకు సుమారు 1.75 మీటర్ల దూరం వెళ్తుంది: 70 × 1.75 = 122. రెండూ కలిపితే 182.

గాలి వైపు లెక్క ఇది. తెరచాప మీద బలం = ½ × గాలి సాంద్రత × వేగం వర్గం × వైశాల్యం × ఒక గుణకం. గాలి సాంద్రత 1.2, పడవ మీదికి తగిలే గాలి సెకనుకు 8 మీటర్లు, వైశాల్యం 12.7, గుణకం 1.2 అనుకుంటే 585 న్యూటన్లు వస్తుంది. దాదాపు 60 కిలోల బరువుతో సమానం. ఎదురుగాలికి పోయేటప్పుడు ఇందులో ఎక్కువ భాగం పక్కకే తోస్తుంది. తెరచాప బలం పనిచేసే చోటుకూ, నీళ్లలో సెంటర్‌బోర్డ్ (హల్ మధ్యలోంచి కిందికి దిగే రెక్క) ఎదురు తోసే చోటుకూ మధ్య ఎత్తు సుమారు మూడు మీటర్లు. 60 × 3 = 180.

180కి 182. హల్ వెడల్పు వల్ల వచ్చే స్థిరత్వాన్ని వదిలేశాం, అంకెలు స్థూలం. అయినా విషయం అర్థమవుతుంది. ఆ గాలిలో జంట తమ శక్తంతా వాడేసింది. అంతకు మించి గాలి వస్తే తెరచాపను చదును చేయాలి, లేదా కొంత గాలి వదిలేయాలి. అదే క్రూ ట్రపీజ్ లేకుండా అంచు మీద కూర్చుంటే మొత్తం 130 దాటదు, అప్పుడు తెరచాప చిన్నది కావాలి. ట్రపీజ్ లేని ఎంటర్‌ప్రైజ్ పడవకు సుమారు 10.5 చదరపు మీటర్లే ఇచ్చారంటే కారణం ఇదే.

గాలి కొంచెమే పెరిగినా పడవ అంత గట్టిగా ఎందుకు వంగుతుంది?

వేగం వర్గం వల్ల. గాలి 8 నుంచి 10 మీటర్లకు పెరిగితే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మీ ఒంటి బరువు మాత్రం అంతే ఉంటుంది. అందుకే రేసింగ్ డింగీ నిండా అన్ని తాళ్లు. కన్నింగ్‌హామ్ తాడు లాగితే తెరచాప లోతు ముందుకు జరుగుతుంది. అవుట్‌హాల్ కింది భాగాన్ని చదును చేస్తుంది. వ్యాంగ్, పెద్ద తెరచాప కింది అంచున ఉండే అడ్డకర్ర బూమ్‌ను కిందికి పట్టి ఉంచుతుంది, మాస్ట్‌ను కూడా వంచుతుంది. మాస్ట్ వంగితే తెరచాప మధ్యభాగం ముందుకు లాగబడి పల్చనవుతుంది. కొత్తగా చూసేవాళ్లు మాస్ట్ వంగుతోందని కంగారు పడతారు. ఎంత వంగాలో, ఎక్కడ వంగాలో ముందే లెక్కేసి చేసిన వంపు అది.

ట్రపీజ్ ఎవరి ఆలోచన?

బ్రిటన్‌లో 1938లో పీటర్ స్కాట్, జాన్ వింటర్ అనే ఇద్దరు ఇంటర్నేషనల్ 14 తరగతి పడవ మీద దీన్ని వాడి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కప్ గెలిచారు. వెంటనే దాన్ని నిషేధించారు! తర్వాతి తరాల పడవల్లో అది మామూలైపోయింది. ఈ పీటర్ స్కాటే తర్వాత వరల్డ్ వైల్డ్‌లైఫ్ ఫండ్ స్థాపకుల్లో ఒకడయ్యాడు.

హల్ గుండ్రంగా ఉండాలా, పలకలుగానా?

ముందు వేగం సంగతి. నీళ్లను చీల్చుకుంటూ పోయే పడవ తను లేపిన అలలోనే ఇరుక్కుంటుంది. ఆ హద్దు స్థూలంగా నీటిగీత పొడవు వర్గమూలాన్ని 1.25తో గుణిస్తే వస్తుంది. నీటిగీత 4.4 మీటర్లుంటే సెకనుకు 2.6 మీటర్లు, అంటే గంటకు 9 కిలోమీటర్ల పైచిలుకు. దాన్ని దాటాలంటే పడవ నీటి మీదికి లేచి జారాలి. దీన్నే ప్లేనింగ్ అంటారు. అందుకు పడవ తేలికగా ఉండాలి, వెనక సగం అడుగు చదునుగా, వెడల్పుగా ఉండాలి. బ్రిటిష్ డిజైనర్ ఉఫ్ఫా ఫాక్స్ 1928లో చేసిన అవెంజర్ అనే పడవ ఇలా జారే హల్‌తోనే ఆ ఏడాది 57 పోటీల్లో 52 గెలిచింది.

చదును అడుక్కి ఒక నష్టం ఉంది. గాలి తక్కువున్నప్పుడు నీటికి తగిలే ఉపరితలం పెరిగి ఒరుసుకుంటుంది. మన దగ్గర చలికాలం ఉదయాల్లో గాలి ఆకు కదిలేంత మాత్రమే ఉంటుంది. అప్పుడు గుండ్రటి అడుగున్న పడవే ముందుంటుంది. అందుకే డిజైనర్లు ముందు భాగం గుండ్రంగా, సన్నగా, వెనక భాగం చదునుగా ఉంచుతారు. తేలిక గాలిలో ఇద్దరూ ముందుకు జరిగి కూర్చుంటే వెనక చదును భాగం నీళ్లలోంచి లేస్తుంది. గాలి వచ్చాక వెనక్కి జరుగుతారు.

ఇంట్లో చేసేవాళ్లకు పలకల హల్ మంచిది. ప్లైవుడ్ షీటు ఒక వైపే వంగుతుంది, గిన్నెలాగా రెండు వైపులా వంగదు. జాక్ హోల్ట్ 1956లో గీసిన ఎంటర్‌ప్రైజ్, పీటర్ మిల్న్ 1962లో గీసిన ఫైర్‌బాల్ రెండూ ప్లైవుడ్ కోసం పుట్టినవే. ఫైర్‌బాల్ ముక్కు కోసేసినట్టు మొద్దుగా ఉంటుంది, చూడ్డానికి అంత బాగుండదు. హల్ బరువు 80 కిలోల లోపే కాబట్టి గాలి తగలగానే లేచిపోతుంది. 1982 ఆసియా క్రీడల్లో ఫరోఖ్ తారాపూర్, జరీర్ కరంజియా మన దేశానికి స్వర్ణం తెచ్చింది ఈ పడవ మీదే.

సెంటర్‌బోర్డా, డ్యాగర్‌బోర్డా?

రెండూ హల్ మధ్యలోంచి నీళ్లలోకి దిగే రెక్కలే. వాటి పని పడవ పక్కకు జారకుండా ఆపడం. డ్యాగర్‌బోర్డ్ నిలువుగా పైకీ కిందికీ జారుతుంది. సెంటర్‌బోర్డ్ ఒక పిన్ను మీద వెనక్కి మడుచుకుంటుంది. డ్యాగర్‌బోర్డ్ తేలిక, దాని పెట్టె చిన్నది, నీళ్లు లోపల తక్కువ సుడి తిరుగుతాయి. పుస్తకాల ప్రకారం వేగానికి అదే మేలు.

మన చెరువులకు మాత్రం సెంటర్‌బోర్డే పెట్టుకోండి. భద్రకాళి చెరువులో గుర్రపుడెక్క సంగతి వరంగల్‌లో ఎవరినడిగినా చెప్తారు. చెరువు ఏదైనా మత్స్యకారుల వలలు ఉంటాయి, వాటి బెండ్లు దగ్గరికి వెళ్లేదాకా కనబడవు. రిజర్వాయర్లలో నీళ్లు తగ్గినప్పుడు మునిగిన చెట్ల మోళ్లు పైకి వస్తాయి. మిడ్ మానేరు లాంటి చోట్ల మునిగిన ఊళ్ల గోడలు కూడా. డ్యాగర్‌బోర్డ్ వీటికి తగిలితే పెట్టె వెనక గోడ పగులుతుంది, క్రూ ఎగిరి మాస్ట్‌కు తగులుతాడు. సెంటర్‌బోర్డ్ అయితే తగలగానే మడుచుకుంటుంది. చుక్కాని కూడా అలాగే పైకి మడుచుకునేది ఉండాలి. గడ్డి చుట్టుకుంటే ఒకసారి పైకెత్తి దింపితే చాలా వరకు రాలిపోతుంది.

ఇంకో సంగతి: వల తెగితే అది ఎవరిదో కనుక్కుని డబ్బు ఇచ్చేయండి. ఆ చెరువు మీద బతికేది వాళ్లు.

బోర్డు కోత ఆకారం గురించి కూడా అడుగుతుంటారు. ముందు అంచు గుండ్రం, వెనక అంచు సన్నం, మందం అత్యధికంగా ముందు నుంచి దాదాపు మూడో వంతు దగ్గర. విమాన రెక్కల కోసం తయారైన నాకా 0012 లాంటి, రెండు పక్కలూ ఒకేలా ఉండే సిమ్మెట్రిక్ ఆకారం గీసుకుని, కాగితం అచ్చు పెట్టి చెక్కండి. చెక్క రంద పట్టే మంచి వడ్రంగి ఉంటే ఈ పని ఒక రోజులో అవుతుంది. వెనక అంచు గుండ్రంగా వదిలేస్తే బోర్డు వేగం పెరిగాక జుయ్యిమని మోగుతుంది.

పడవ ఎప్పుడూ గాలి వైపే తిరిగిపోతోంది. చుక్కాని బరువుగా లాగుతోంది. డిజైన్ తప్పా?

కావచ్చు, కాకపోవచ్చు. ముందు పడవ నిటారుగా ఉందా చూడండి. వంగి ఉంటే ఏ పడవైనా గాలి వైపే తిరుగుతుంది. నిటారుగా ఉన్నా లాగుతుంటే, తెరచాప బలకేంద్రం సెంటర్‌బోర్డ్ బలకేంద్రానికి మరీ వెనక పడిందన్నమాట. మాస్ట్ పై కొసను కొంచెం ముందుకు తేవాలి, లేదా సెంటర్‌బోర్డ్‌ను కొంచెం వెనక్కి మడవాలి. పూర్తిగా లాగుడు లేకుండా మాత్రం చేయకండి. కొద్దిగా ఉంటేనే చేతికి పడవ తెలుస్తుంది. హెల్మ్ చుక్కాని వదిలేసినా పడవ తనంతట తానే గాలికి ఎదురు తిరిగి ఆగుతుంది.

బోల్తా పడితే?

పడుతుంది. అది ప్రమాదం కిందికి రాదు, రేసులో మామూలే. హల్ పక్కల్లో గాలి గదులు ఉండాలి. ఇద్దరూ ఈదుతూ వెళ్లి, ఒకరు సెంటర్‌బోర్డ్ మీద నిలబడి లాగితే పడవ లేవాలి. లేచాక లోపల చేరిన నీళ్లు వెనక తలుపుల్లోంచి, అడుగున బెయిలర్లలోంచి, అంటే నీళ్లు బయటికి లాగే చిన్న కంతల్లోంచి, పోవాలి. గాలి గదులు మరీ పెద్దవైతే ఇంకో చిక్కు: పక్కకు పడ్డ పడవ నీళ్ల మీద ఎత్తుగా తేలి, సెంటర్‌బోర్డ్ చేతికి అందదు. పైగా గాలికి కొట్టుకుపోయి మనల్ని వెనక వదిలేస్తుంది. కాబట్టి కొత్త పడవను రేసుకు తీసుకెళ్లేముందు నడుములోతు నీళ్లలో కావాలనే బోల్తా కొట్టించి చూడండి. లైఫ్ జాకెట్ లేకుండా మాత్రం వద్దు, ఎంత ఈత వచ్చినా.

ప్లైవుడ్ ఏది కొనాలి? షాపులో అన్నీ "మెరైన్" అనే అంటున్నారు.

షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉందా చూడండి. వంటగది అల్మారాలకు కూడా ఇదే అమ్ముతారు, తప్పు లేదు. నమ్మకం కుదరకపోతే చిన్న ముక్క కోసి కొన్ని గంటలు నీళ్లలో ఉడకబెట్టండి, పొరలు విడిపోతే ఆ షాపుకు దండం పెట్టి రండి. ఆ ప్రమాణంలో ఉన్న పరీక్షే 72 గంటల ఉడుకు.

అసలు చిక్కు బరువు. మన దగ్గర దొరికే గట్టి చెక్క ప్లై 6 మిల్లీమీటర్లది చదరపు మీటరుకు 4 కిలోల పైన ఉంటుంది. విదేశాల్లో రేసింగ్ పడవలకు వాడే ఒకూమే చెక్క ప్లై 3 కిలోలకు దగ్గరగా ఉంటుంది. పది పన్నెండు చదరపు మీటర్ల పడవలో ఆ తేడా పది కిలోలు దాటుతుంది. నేర్చుకునే మొదటి పడవకు ఐఎస్ 710 చాలు. రేసు గెలవాలనే పడవకు చాలదు.

అతుకులకు రాగి తీగ కుట్టు, పైన ఎపాక్సీ, గ్లాస్ టేపు. 1962లో వచ్చిన మిర్రర్ డింగీ ఈ పద్ధతిని సామాన్యుల ఇళ్లలోకి తెచ్చింది. వానాకాలంలో ఎపాక్సీ మీద మైనం లాంటి జిడ్డు పొర వస్తుంది, తర్వాతి పూత ముందు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి.

ఫైబర్ పడవల మధ్యలో ఫోమ్ ఎందుకు పెడతారు?

రామప్ప గుడి గోపురం ఇటుకలు నీళ్లలో తేలతాయని చిన్నప్పటి నుంచీ వింటున్నాం కదా. బరువు తగ్గించి, మందం ఉంచుకోవడం అన్న ఆ ఉపాయమే ఇక్కడా. ఫైబర్ గ్లాస్ పలుచటి పొర బలంగా ఉంటుంది కానీ వంగుతుంది. రెండు పలుచటి పొరలను ఒక సెంటీమీటరు ఫోమ్‌తో దూరం పెడితే, బరువు పెద్దగా పెరగకుండానే గట్టిదనం చాలా రెట్లు పెరుగుతుంది. మాస్ట్ తీగల బిగువు వందల కిలోలుంటుంది. హల్ మెత్తగా ఉంటే ఆ బిగువుకు వంగి, తీగలు వదులై, జిబ్ అంచు కుంగిపోతుంది. పాత పడవలు గాలికి ఎదురు సరిగా పోకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం.

మే నెలలో పాలిస్టర్ రెసిన్ పని పెట్టుకుంటే హార్డెనర్ తగ్గించి, తెల్లవారుజామునే మొదలుపెట్టండి. ఎండెక్కాక డబ్బాలోనే గట్టిపడుతుంది, పొగ కూడా వస్తుంది.

హల్ బరువు తక్కువుంటే చాలా?

చాలదు, బరువు ఎక్కడుందన్నది కూడా ముఖ్యం. రెండు కొసల్లో బరువున్న పడవ అలల మీద ఎక్కువ ఊగుతుంది. ఒక్కరే నడిపే ఫిన్ తరగతిలో హల్‌ను వేలాడదీసి ఊపి, ఊగే సమయాన్ని కొలిచి దీన్ని పట్టుకుంటారు.

స్పిన్నేకర్ సిమ్మెట్రిక్ మంచిదా, అసిమ్మెట్రిక్ మంచిదా?

470కి సిమ్మెట్రిక్ ఉంటుంది. నేరుగా గాలి వెంట పోగలదు, కానీ గాలి వైపు మారినప్పుడల్లా క్రూ ఒక కర్రను ఈ పక్క నుంచి ఆ పక్కకు మార్చాలి. జూలియన్ బెత్‌వైట్ గీసిన 49ఇఆర్‌కు ముందుకు పొడుచుకొచ్చిన కర్ర మీద అసిమ్మెట్రిక్ ఉంటుంది. మార్చడం సులువు, పడవ కోణంగా వేగంగా పోతుంది, కానీ పక్కలకు బోలెడు చోటు కావాలి. సన్నటి చెరువులో అటు మొదలుపెట్టేలోపే కట్ట వచ్చేస్తుంది. 2000 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న 49ఇఆర్‌లో ఇద్దరూ ట్రపీజ్ మీదే ఉంటారు. చెన్నైకి చెందిన కేసీ గణపతి, వరుణ్ ఠక్కర్ టోక్యో ఒలింపిక్స్‌లో మన తరఫున నడిపింది దీన్నే.

మా అమ్మాయి 48 కిలోలే. అబ్బాయిలతో కలిసి నడపగలదా?

నడపగలదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 470 పోటీ మిక్స్‌డ్ జంటలకే పెట్టారు. అమ్మాయి హెల్మ్‌గా, పొడుగ్గా ఉండే అబ్బాయి ట్రపీజ్ మీద ఉంటే లెక్క బాగా కుదురుతుంది. ముందు 420తో మొదలుపెట్టమనండి. క్రిస్టియాన్ మోరీ 1959లో గీసిన పడవ అది: 4.20 మీటర్లు, హల్ 80 కిలోలు, తెరచాప 10.25 చదరపు మీటర్లు, ట్రపీజ్, స్పిన్నేకర్ అన్నీ ఉంటాయి.

మేమే గీసిన పడవతో రేసులో పాల్గొనవచ్చా?

470, 420, ఎంటర్‌ప్రైజ్ వన్-డిజైన్ తరగతులు. కొలతల పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి, కొత్త ఆలోచనకు చోటు తక్కువ. గెలుపు మనిషిది కావాలన్నది అక్కడి ఉద్దేశం. కొన్ని కొలతలు మాత్రమే బిగించి, మిగతాది డిజైనర్‌కు వదిలేసే తరగతులు వేరే: ఇంటర్నేషనల్ 14 అలాంటిది. మీ సొంత పడవ, వేర్వేరు రకాల పడవలు కలిసి పోటీపడే హ్యాండీక్యాప్ రేసులో దిగవచ్చు. పోర్ట్‌స్మత్ పద్ధతిలో ప్రతి పడవకూ ఒక అంకె ఇస్తారు, ఫైర్‌బాల్‌కు 950 చుట్టుపక్కల, ఎంటర్‌ప్రైజ్‌కు 1120 చుట్టుపక్కల. పట్టిన సమయాన్ని వెయ్యితో గుణించి ఆ అంకెతో భాగిస్తారు. మీ పడవకు అంకె ఎవరో ఒకరు ఊహించి ఇవ్వాలి, మొదటి రేసుల్లో దాని మీద గొడవ తప్పదు.

నా సలహా అడిగితే: మొదటి పడవగా ఎంటర్‌ప్రైజ్ ప్లాన్ తెచ్చుకుని ఉన్నది ఉన్నట్టు చేయండి. దాన్ని ఒక వానాకాలం నడిపాక మీ సొంత డ్రాయింగ్ మొదలుపెట్టండి. అప్పటికి కాగితం మీద ఎక్కడ మనిషి కూర్చుంటాడో మీకే తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఏది?

హల్‌కు డెల్ఫ్ట్‌షిప్ ఉచిత రకం చాలు. పై లెక్కలకు ఎక్సెల్.

వరంగల్ చుట్టుపక్కల ఎక్కడ నడపొచ్చు?

గాలి, చోటు చూస్తే కరీంనగర్ దగ్గరి లోయర్ మానేరు డ్యామ్ మేలు. 24 టీఎంసీల జలాశయం, అడ్డం లేని నీళ్లు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడమటి గాలి నిలకడగా వస్తుంది. గాలి కట్ట వైపు తోస్తుంటే మాత్రం కట్టకు దూరంగా ఉండండి, ఆ రాళ్లకు హల్ తగిలితే మిగలదు. తాగునీటి జలాశయం కాబట్టి నీటిపారుదల శాఖ అనుమతి లేకుండా దిగవద్దు. పాకాల చెరువు, కాకతీయ గణపతిదేవుడు కట్టించింది, చూడ్డానికి చాలా బాగుంటుంది. చుట్టూ గుట్టలు, అడవి, కాబట్టి గాలి నిమిషానికోసారి దిక్కు మారుస్తుంది. పైగా అభయారణ్యం, అటవీ శాఖను అడగాలి. ధర్మసాగర్ కూడా తాగునీటిదే. వడ్డేపల్లి చెరువు రేసుకు చిన్నది.

నేర్చుకోవడానికి ఇప్పటికీ హుస్సేన్‌సాగరే. క్లబ్బులు, కోచ్‌లు, రెస్క్యూ బోట్లు అక్కడున్నాయి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మబ్బు కమ్మి ఒక్కసారిగా గాలిదుమారం వచ్చే రోజుల్లో ఎక్కడైనా సరే, పడవ ఒడ్డునే ఉంచండి.

అన్నా, మా ఊరి తెప్పకు తెరచాప కడితే?

గాలి వెంట పోతుంది. తిరిగి రావాలంటే సెంటర్‌బోర్డ్, చుక్కాని కావాలి. లేకపోతే తెడ్డు వేసుకుంటూ రావాల్సిందే.

పడవను హనుమకొండ నుంచి హైదరాబాద్ ఎలా తీసుకెళ్లాలి?

చిన్న ట్రాలీ ఆటో చాలదు, వెడల్పు సరిపోయినా పొడవు చాలదు. డీసీఎం వ్యాన్ మాట్లాడుకోండి. హల్ కింద పాత టైర్లు వేసి, తాడు హల్ అంచుకు తగిలే చోట గోనెసంచి మడిచి పెట్టండి. మాస్ట్ హల్ కంటే రెండు మీటర్లు పొడుగు, 470ది 6.76 మీటర్లు, కాబట్టి వెనక బయటికి వస్తుంది. కొసకు ఎర్ర గుడ్డ కట్టండి. స్ప్రెడర్లు, అంటే మాస్ట్ పక్కల్లో తీగలను దూరంగా పట్టే చిన్న కడ్డీలు, విప్పి సంచిలో వేసుకోండి, వాటి బోల్టులు ఇంకో సంచిలో, డ్రైవర్‌కు కాకుండా మీ దగ్గర.